మరిగిస్తే పోయిన మందు
(చలిజ్వరంతో మనిషి పోరాటంలో ఒక ఆకు కథ)

ప్రత్యేక సంచికకు ఏదైనా ఆరోగ్య విషయం రాయమని మన సంఘ కార్యదర్శిగారు కోరారు. రక్తపోటు గురించీ మధుమేహం గురించీ డాక్టర్లు ఎలాగూ రాస్తూనే ఉంటారు. మా మలేరియా విభాగంలో ఏళ్ల తరబడి మందుల అల్మైరా తాళాలు మోసిన ఫార్మసిస్టును కనుక, ఒక మందు పుట్టిన చరిత్ర రాయడమే నాకు తగిన పని అనిపించింది. ఇందులో యుద్ధం ఉంది, పాత తాళపత్రాల వంటి గ్రంథాలున్నాయి, పిల్లల్ని వదిలి వెళ్లిన ఒక తల్లి ఉంది. వీటన్నిటి మధ్య పొయ్యి మీది మంట కూడా ఉంది. ఆ మంట ఎక్కువైనంత కాలం మందు దొరకలేదు. దాన్ని తగ్గించాక దొరికింది.

మన ఇళ్లలో కషాయం అంటే మరిగించడమే. గ్లాసుడు నీళ్లు పావు గ్లాసు అయ్యేదాకా కాచితే "సారమంతా దిగింది" అంటాం. మరిగేకొద్దీ మందుకు బలం పెరుగుతుందని మన నమ్మకం. అయితే మన ఆయుర్వేదం ఈ మాటను ఇంత సూటిగా చెప్పలేదు. మందును తయారుచేయడానికి మన పూర్వులు ఐదు పద్ధతులు చెప్పారు. పచ్చి ఆకును దంచి పిండిన రసం స్వరసం. మెత్తగా నూరిన ముద్ద కల్కం. నీళ్లలో కాచి నాలుగో వంతుకో ఎనిమిదో వంతుకో దించినది క్వాథం. రాత్రంతా చన్నీళ్లలో నానబెట్టి ఉదయం వడగట్టినది హిమం. వేడినీళ్లు పోసి కాసేపు ఉంచి వడగట్టినది ఫాంటం. ఐదింటిలో నిజంగా మరిగించేది ఒక్కటే. ఏ మూలికకు ఎంత వేడి పెట్టాలో, అసలు పెట్టాలో వద్దో ఆలోచించినవారే ఇలా విభజించగలరు. ఆ విభజనలోని వివేకం ఎంతటిదో చైనా దేశపు ఈ చరిత్ర చదివితే బాగా అర్థమవుతుంది.

మంటను తట్టుకున్న బెరడు

ముందుగా క్వినైన్ సంగతి చెప్పాలి. పల్లెల్లో పెద్దలు కొయినా అని పిలిచిన ఆ చేదు మందు దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండల్లో పెరిగే సింకోనా చెట్టు బెరడు నుంచి వచ్చింది. 17వ శతాబ్దంలో పెరూ నుంచి క్రైస్తవ మతగురువులు ఆ బెరడును ఐరోపాకు చేర్చారు. 1820లో పారిస్‌లో పెల్టియే, కావంటూ అనే ఇద్దరు ఫార్మసిస్టులు బెరడులోని అసలు పదార్థాన్ని వేరుచేసి క్వినైన్ అని పేరుపెట్టారు. నా వృత్తివారే కనుక ఆ రెండు పేర్లూ రాస్తుంటే కాస్త గర్వంగానే ఉంది.

క్వినైన్ గట్టి పిండం. బెరడు పొడిని ఆమ్లం కలిపిన నీళ్లలో మరిగిస్తే ఆ నీటిలోకి దిగుతుందే కాని చెడిపోదు. అందుకే దాన్ని పెద్ద పెద్ద కాగుల్లో తయారుచేయడం సాధ్యమైంది. 1860 ప్రాంతంలో క్లెమెంట్స్ మార్కమ్ దక్షిణ అమెరికా నుంచి సింకోనా మొక్కలూ విత్తనాలూ తెప్పించాక నీలగిరుల్లోనూ, ఆ తర్వాత డార్జిలింగ్ దగ్గర మంగ్‌పూలోనూ ప్రభుత్వ తోటలు వెలిశాయి. మంగ్‌పూలోనూ, నీలగిరుల్లోని నడువట్టంలోనూ క్వినైన్ ఫ్యాక్టరీలు నడిచాయి. 1892 నుంచి బెంగాల్‌లో పోస్టాఫీసుల ద్వారా పైసాకు ఒక పొట్లం చొప్పున క్వినైన్ అమ్మారు. బెరడు నుంచి పొట్లం దాకా సాగిన ఆ ప్రయాణంలో మంట మనిషికి మిత్రుడుగానే ఉంది.

ఆ గట్టి పిండానికీ ఒక హద్దుంది. 1853లో లూయీ పాశ్చర్, కుక్కకాటు మందుతో మనకు తెలిసిన ఆయనే, క్వినైన్‌ను ఆమ్లంతో కలిపి వేడిచేసినప్పుడు అది మరో పదార్థంగా మారిపోవడం గమనించాడు. తర్వాతి కాలంలో దానికి క్వినోటాక్సిన్ అనే పేరు వచ్చింది. అంటే చావని మందు కూడా వేడికి రూపం మార్చుకోగలదు. దాన్ని మళ్లీ క్వినైన్‌గా మార్చే దారిని 1918లో జర్మనీ రసాయనవేత్తలు రాబే, కిండ్లర్ ప్రకటించారు. 1944లో అమెరికాలో వుడ్‌వర్డ్, డోరింగ్ ప్రయోగశాలలో క్వినైన్ నిర్మాణానికి పూనుకున్నప్పుడు చేరుకున్న గమ్యం కూడా ఈ క్వినోటాక్సినే.

మన ప్రాంతానికీ ఈ జబ్బు చరిత్రలో ఒక స్థానముంది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ ఒక దోమ కడుపు గోడలో మలేరియా క్రిమిని కనిపెట్టాడు. చెడుగాలి వల్ల వస్తుందనుకున్న జ్వరం దోమ వల్ల వస్తుందని తేలింది. ఆయనకు 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. రాస్ పనిచేసిన బేగంపేట భవనం ఆయన స్మారకంగా నిలిచింది. మన్యం జ్వరమంటే వణికిన రోజులు చూసిన మన జిల్లాలవారికి ఆ ఇంటి విలువ ఎవరూ చెప్పనక్కరలేదు.

మాత్ర లొంగదీయలేని క్రిమి

1934లో జర్మనీలో తయారైన క్లోరోక్విన్ రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ప్రపంచమంతటా వ్యాపించింది. చౌకైనది, మూడు రోజుల్లో జ్వరం దిగేది. దానికి డి.డి.టి. తోడైంది. మన దేశంలో 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం, 1958లో నిర్మూలన కార్యక్రమం మొదలయ్యాయి. గోడల మీద తేదీలు వేసిన స్టెన్సిల్, ఇంటింటికీ తిరిగి వేలి కొసన సూదితో పొడిచి గాజుపలక మీద రక్తపు పూత తీసుకున్న సర్వైలెన్స్ వర్కరు, భుజాన డి.డి.టి. పంపు మోసిన కూలీ మనలో చాలామందికి గుర్తుండే ఉంటారు. 1965 నాటికి దేశంలో కేసులు లక్ష దగ్గరికి పడిపోయాయి. చావులు లేవని లెక్కలు చూపాయి. పని అయిపోయిందనుకున్నారు. 1976 వచ్చేసరికి కేసులు 64 లక్షలు దాటాయి.

దోమ డి.డి.టి.కి అలవాటు పడింది, క్రిమి క్లోరోక్విన్‌కు అలవాటు పడింది. మెదడుకెక్కి ప్రాణం తీసే ఫాల్సిపారమ్ క్రిమి 1950ల చివరినాటికే థాయిలాండ్, కంబోడియా సరిహద్దుల్లోనూ, కొలంబియాలోనూ మాత్రకు లొంగడం మానేసింది. 1973లో మన అస్సాంలోనూ ఆ జాడ కనిపించింది.

ఆ సమయంలోనే వియత్నాం యుద్ధం సాగుతున్నది. అడవుల్లో పోరాడుతున్న సైనికులను తుపాకీ గుండ్లతో పాటు జ్వరమూ పడగొట్టింది. అమెరికా సైన్యపు పరిశోధనా సంస్థ రెండు లక్షలకు పైగా రసాయనాలను పరీక్షించింది. ఉత్తర వియత్నాం చైనాను సాయమడిగింది. 1967 మే 23న బీజింగ్‌లో ఒక రహస్య సమావేశం జరిగింది. ఆ తేదీనే గుర్తుగా పెట్టుకుని ఆ పనికి ప్రాజెక్ట్ 523 అని పేరుపెట్టారు. అరవైకి పైగా సంస్థలు, ఐదు వందలకు పైగా శాస్త్రజ్ఞులు అందులో పాల్గొన్నారు. అవి చైనాలో సాంస్కృతిక విప్లవం రోజులు. చదువుకున్నవారిని పొలాలకు పంపి, ప్రయోగశాలలకు తాళాలు వేసిన కాలం. అలాంటి కాలంలో ఈ ఒక్క పనికి తలుపు తెరిచి ఉంచారు.

రెండు వేల యోగాలు, ఒక్క ఆకు

1969 జనవరిలో బీజింగ్‌లోని సంప్రదాయ వైద్య సంస్థలో ఒక బృందానికి తు యూయూ అనే ఆమెను నాయకురాలిగా వేశారు. ఆమె 1930లో నింగ్‌బో పట్టణంలో పుట్టారు. బీజింగ్ వైద్య కళాశాలలో ఫార్మసీ చదివారు. తర్వాత రెండున్నరేళ్లు చైనా సంప్రదాయ వైద్యంలో ప్రత్యేక శిక్షణ పొందారు. రెండు విద్యలూ ఒకే మనిషిలో కలిసిన ఈ సంగతి చరిత్రలో చాలా ముఖ్యమైనదని నా అభిప్రాయం.

భర్త అప్పటికే పొలం పనులకు పంపబడ్డారు. నాలుగేళ్ల పెద్దమ్మాయిని శిశుసంరక్షణ కేంద్రంలోనూ, చిన్నపాపను పుట్టింట్లోనూ వదిలి ఆమె హైనాన్ ద్వీపానికి వెళ్లారు. అక్కడి అడవి ఊళ్లలో మలేరియాతో పోతున్న పిల్లల్ని చూశారు. బదిలీ ఉత్తరువు చేతికొచ్చినప్పుడు ఇంటి దగ్గర పిల్లల్ని ఎవరికి అప్పగించాలా అని కొట్టుకులాడిన తల్లులు మన సంఘంలోనూ ఉన్నారు. వారికి ఈ వాక్యం వివరించనక్కరలేదు.

బృందం పాత గ్రంథాలు తిరగేసింది, ముసలి వైద్యులను అడిగింది, జనం పంపిన ఉత్తరాలు చదివింది. రెండు వేల యోగాలు పోగయ్యాయి. వాటిలోంచి 640 యోగాలు ఏరి 1969 ఏప్రిల్‌లో ఒక సంకలనంగా వేశారు. సుమారు 200 మూలికల నుంచి 380 సారాలు తీసి, మలేరియా ఎక్కించిన ఎలుకల మీద పరీక్షించారు. మిరియాల సారం ఎలుకల్లో ఆశ పుట్టించి రోగుల దగ్గర నిరాశ మిగిల్చింది. చింగ్‌హావ్ అనే మొక్క సారం ఒకసారి క్రిమిని నూటికి 68 పాళ్ల వరకు అణచింది. మళ్లీ చేసి చూస్తే 40 పాళ్లు, మరోసారి 12 పాళ్లు. ఒకరోజు పనిచేసి మరోరోజు పనిచేయని మందును ఏ డాక్టరు నమ్ముతాడు? దాన్ని పక్కన పెట్టేశారు.

ఈ చింగ్‌హావ్ మనకు పూర్తిగా పరాయిది కాదు. దాని శాస్త్రీయ నామం ఆర్టిమిసియా ఆన్యువా. వినాయకచవితి పత్రిలో వాడే మాచిపత్రి, పూలదండల్లో గుచ్చే దవనం ఈ ఆర్టిమిసియా ప్రజాతికే చెందినవి. వాసన తగిలితే చుట్టరికం తెలుస్తుంది. అయితే చుట్టరికముంటే గుణమూ ఉండాలని లేదు. ఆ బృందమే ఆర్టిమిసియాలలో అనేక రకాలు పరీక్షించి, పనికొచ్చే పదార్థం ఈ ఒక్క రకంలోనే తగినంత ఉందని తేల్చింది. అది కూడా ఆకులోనే ఉంటుంది, కాడలో ఉండదు. ఏ ఊళ్లో పెరిగింది, ఏ నెలలో కోశారు అన్నదాన్ని బట్టి పాలు మారుతుంది. పరీక్షల ఫలితాలు ఊగిసలాడడానికి ఇదొక కారణం.

పదహారు వందల ఏళ్లనాటి సూచన

రెండో కారణం పొయ్యి దగ్గర దొరికింది. తు యూయూ పాత గ్రంథాలను మళ్లీ మొదటినుంచి చదివారు. క్రీస్తు శకం 4వ శతాబ్దంలో గె హోంగ్ అనే వైద్యుడు అత్యవసర చికిత్సల మీద ఒక చేతిపుస్తకం రాశాడు. మన లెక్కలో గుప్తుల కాలం. విడిచి విడిచి వచ్చే జ్వరానికి అందులో ఒక యోగముంది. గుప్పెడు చింగ్‌హావ్‌ను కొలత ప్రకారం నీళ్లలో నానబెట్టి, పిండి, ఆ రసమంతా తాగించమని దాని సారాంశం. నీళ్ల కొలత ఈనాటి లెక్కలో సుమారు 400 మిల్లీలీటర్లు.

చాలామంది చదివి దాటిపోయిన ఆ యోగం దగ్గర ఆమె ఆగిపోయారు. చైనా వైద్యంలోనూ మూలికలంటే మరిగించడమే వాడుక. మరి ఇక్కడ మరిగించమనే మాట ఎందుకు లేదు? పిండమని ఎందుకు చెప్పాడు? మన పరిభాషలో చెప్పాలంటే క్వాథం చెప్పవలసిన చోట హిమమూ స్వరసమూ కలిసిన పద్ధతి ఎందుకు చెప్పాడు? వేడికి ఆ మందు గుణం చెడిపోతుందేమో అని ఆమె అనుమానించారు. అంతకుముందు తీసిన సారాలన్నీ నీళ్లలో మరిగించో, ఆల్కహాల్‌తో కాచో తీసినవే. ఆల్కహాల్ మరిగేది 78 డిగ్రీల దగ్గర.

ఆమె ఈథర్ ఎంచుకున్నారు. ఈథర్ 35 డిగ్రీలకే మరుగుతుంది. మన ఎండాకాలపు పగటి వేడి కంటే తక్కువ. ఆ వేడిలోనే ఆకు సారం తీశారు. అందులో ఆమ్ల భాగం విషం, మందుగా పనికిరాదు. దాన్ని తొలగించి తటస్థ భాగాన్ని మిగిల్చారు. 1971 అక్టోబర్ 4న 191వ నంబరు నమూనా పరీక్ష ఫలితం వచ్చింది. ఎలుకల్లో క్రిమి నూటికి నూరు పాళ్లు పోయింది. ఆ తర్వాత కోతుల్లోనూ అదే ఫలితం. 190 నమూనాల తర్వాత ఈ ఒక్కటి నిలిచింది.

తమ మీదే ప్రయోగం

1972 మార్చిలో నాన్‌జింగ్ సమావేశంలో ఫలితం చెప్పారు. ఇక మనుషులకిచ్చి చూడాలి. దానికి కిలోల కొద్దీ సారం కావాలి. ఫ్యాక్టరీలు మూతబడి ఉన్నాయి. ఇళ్లలో నీళ్లు నింపుకునే పెద్ద తొట్లలో ఆకును ఈథర్‌లో నానబెట్టారు. ఈథర్ ఆవిరి నిప్పురవ్వ తగిలితే అంటుకుంటుంది, పీలిస్తే మత్తెక్కుతుంది. సరిగా గాలి ఆడని గదుల్లో పనిచేసినవారికి తలతిప్పడం, ముక్కు వెంట రక్తం కారడం మొదలైంది. తు యూయూకు కాలేయం దెబ్బతింది.

జంతువుల పరీక్షల్లో విషలక్షణాలు ఉన్నాయా లేవా అన్నదానిమీద భిన్నాభిప్రాయాలు వచ్చాయి. ఆ చర్చ సాగదీస్తే మలేరియా కాలం దాటిపోతుంది, మరో ఏడాది ఆగాలి. 1972 జులైలో ఆమె, మరిద్దరు సహోద్యోగులు ఆసుపత్రిలో చేరి ముందుగా తామే ఆ మందు తీసుకున్నారు. వారికేమీ కాలేదు. ఆగస్టులో హైనాన్‌లో 21 మంది రోగులకిచ్చారు. బీజింగ్‌లో ఇంకా తొమ్మిది మందికి ఇచ్చారు. జ్వరం వేగంగా దిగింది, రక్తపు పూతల్లో క్రిములు కనుమరుగయ్యాయి. మైక్రోస్కోపు కింద క్రిమి తగ్గుతుండడం చూసిన ప్రయోగశాల సిబ్బందికి ఆ ఆనందం ఎలాంటిదో తెలుసు.

1972 నవంబర్ 8న తెల్లని స్ఫటికాలు దొరికాయి. వాటికి చింగ్‌హావ్‌సు అని పేరు. ప్రపంచం ఆర్టిమిసినిన్ అంటున్నది. మరుసటి ఏడాది స్ఫటికాలతో చేసిన మాత్రలు హైనాన్‌లో సరిగా పనిచేయలేదు. కారణం వెతికితే మాత్ర మరీ గట్టిగా తయారై కడుపులో విడిపోవడం లేదని తేలింది. అదే మందును క్యాప్సూల్‌లో నింపి ఇస్తే గుణం కనిపించింది. మందు మంచిదైనా మాత్ర చెడితే ఫలితం సున్నా అన్న సంగతి మా వృత్తిలో ప్రతిరోజూ చూసేదే.

ఇది ఒక్కరి గొప్పతనమే అనుకుంటే అన్యాయమవుతుంది. యునాన్‌లో లువో జెయువాన్ 1973లో విడిగా స్ఫటికాలు తీశారు. గ్వాంగ్‌జౌకు చెందిన డాక్టర్ లీ గువోచియావో మెదడుకెక్కిన మలేరియా రోగులకు ఈ మందిచ్చి దాని ప్రాణరక్షక శక్తిని నిరూపించారు. షాంఘై, బీజింగ్ రసాయన, భౌతిక శాస్త్రజ్ఞులు దాని ఆకృతిని తేల్చారు. 1977లో అది పత్రికకెక్కినప్పుడు వ్యక్తుల పేర్లు వేయలేదు, బృందం పేరే వేశారు. ఆ రోజుల్లో ఆ దేశపు రివాజు అది. ఎవరు ఎంత చేశారన్న వాదం తర్వాత చాలా ఏళ్లు నడిచింది.

అసలు వేడికేమైంది?

ఇక్కడ ఒక చిక్కుముడి ఉంది. పాఠకులు జాగ్రత్తగా గమనించాలని మనవి. వేడికి మందు పోతుందనుకుని ఆమె వేడి తగ్గించారు, మందు దొరికింది. అయితే శుద్ధమైన ఆర్టిమిసినిన్ స్ఫటికాలు 156, 157 డిగ్రీల దగ్గర గాని కరగవు. కరిగినా వెంటనే చెడిపోవు. 190 డిగ్రీల దాకా వేడిచేస్తే అప్పుడు ముక్కలవుతాయి. మరి నూరు డిగ్రీల మరుగునీటికి ఎందుకు భయపడాలి?

దీని జవాబు దాని ఆకృతిలో ఉంది. ఆర్టిమిసినిన్ అణువు లోపల రెండు ఆక్సిజన్ పరమాణువులు చేతులు పట్టుకున్నట్టు ఒక వంతెన కట్టి ఉన్నాయి. పెరాక్సైడ్ వంతెన అంటారు. గాయాలు కడగడానికి వాడే హైడ్రోజన్ పెరాక్సైడ్‌లోనూ ఇలాంటి ముడే ఉంటుంది. ఆ సీసా మూత తీసి ఉంచితే మందు బలం ఎలా తగ్గుతుందో మనకు తెలుసు. ఆర్టిమిసినిన్‌లో ఈ వంతెన మిగతా అణువు చాటున భద్రంగా ఉంటుంది. ఒంటరిగా ఉన్నప్పుడు వేడిని బాగానే ఓర్చుకుంటుంది. ఆకుతో కలిపి నీళ్లలో మరిగించినప్పుడు మాత్రం ఆమ్లాలూ క్షారాలూ లోహపు లవణాలూ ఇంకా ఎన్నో పదార్థాలూ చుట్టూ చేరతాయి. వేడి పెరిగినకొద్దీ వీటి దాడి వేగం పెరుగుతుంది. ఒంటరిగా ఉంటే ఏమీ చేయలేని నిప్పు, చెడు సావాసం తోడైతే చేటు తెస్తుంది.

రెండో సంగతి, ఆర్టిమిసినిన్ నీళ్లలో సరిగా కరగదు. ఎంత కాచినా నీళ్లలోకి దిగేది తక్కువ. ఈథర్ జిడ్డు పదార్థాలను బాగా లాగుతుంది కనుక దాన్ని పూర్తిగా రాబట్టింది. అంటే ఈథర్ రెండు పనులు ఒకేసారి చేసింది. వేడి తగ్గించింది, మందును పట్టి లాగింది. ఈ రెండింటిలో ఏది ఎంత అని ఈనాడు మనం విడదీసి చెప్పుకోవచ్చు. ఆనాడు ఆమెకు కావలసింది ఒక సరైన అనుమానం. దాన్ని పట్టుకుని గమ్యం చేరారు.

ఆ వంతెనే మందు ప్రాణం కూడా. మలేరియా క్రిమి మన ఎర్ర రక్తకణంలో దూరి హిమోగ్లోబిన్‌ను తింటుంది. అప్పుడు ఇనుమున్న హీమ్ విడుదలవుతుంది. ఆ ఇనుము తగలగానే వంతెన విరిగి, చురుకైన కణాలు పుట్టి, క్రిమిని లోపలినుంచే కాల్చేస్తాయి. కుండలో విరగకూడదు, క్రిమిలో విరగాలి. వంతెన లేని అణువు మలేరియాకు పనిచేయదు.

ప్రపంచానికి చేరిన దారి

1973లో దీన్నుంచి డైహైడ్రోఆర్టిమిసినిన్ తయారైంది. దాన్నుంచి నూనెలో కరిగే ఆర్టిమీథర్, నీళ్లలో కరిగి నరానికెక్కించగల ఆర్టిసునేట్ వచ్చాయి. మన లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధనా సంస్థ ఆర్టీథర్ అనే ఇంజక్షన్‌ను రూపొందించింది. 1990లలో అది మన దేశంలో వాడుకకు వచ్చింది. చైనా మొక్కను లక్నోలోనే సుగంధ మొక్కల సంస్థ మన నేలకు అలవాటు చేసింది.

ఒంటరిగా ఇస్తే క్రిమి దీనికీ అలవాటు పడుతుందన్న భయంతో ప్రపంచ ఆరోగ్య సంస్థ మరో మందుతో జతచేసి ఇవ్వాలని 2001లో సిఫారసు చేసింది. 2006లో ఒంటరి మాత్రలు ఆపమంది. మన దేశంలో 2010 నుంచి ఫాల్సిపారమ్ మలేరియాకు ఈ జంట చికిత్సే జాతీయ విధానమైంది. అయినా 2008 నాటికే పశ్చిమ కంబోడియాలో క్రిమి ఈ మందుకు నెమ్మదిగా లొంగుతున్న జాడలు కనిపించాయి. క్లోరోక్విన్ మొదట ఓడింది కూడా ఆ సరిహద్దుల్లోనే అన్న సంగతి గుర్తుంచుకోవాలి.

తు యూయూకు 2011లో లాస్కర్ పురస్కారం, 2015లో నోబెల్ బహుమతి దక్కాయి. అప్పటికి ఆమె వయసు 84 ఏళ్లు. డాక్టరేటు లేదు, విదేశాల్లో చదవలేదు, సైన్సు అకాడమీ సభ్యత్వం లేదు. చేసిన పని మాత్రం ఉంది. 2021 జూన్ 30న చైనాను మలేరియా లేని దేశంగా ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది.

మన వంటింటికి వస్తే

ఈ చరిత్ర చదివి "అయితే కషాయాలు మానేద్దామా" అని అడిగేవారుంటారు. వద్దు. వేడి అన్ని మూలికలకూ ఒకేలా పనిచేయదన్నదే నేను చెప్పేది. పచ్చి అల్లంలోని జింజరాల్ ఎండినా వేడెక్కినా షోగాల్‌గా మారుతుంది. అది ఇంకా ఘాటు. అందుకే శొంఠి గుణం అల్లం గుణం ఒకటి కావు. వెల్లుల్లిని దంచినప్పుడే అల్లిసిన్ పుడుతుంది. దంచకుండా ఉడికించేస్తే దాన్ని పుట్టించే ఎంజైము ముందే చచ్చిపోతుంది. తులసి, లవంగాల వాసన ఆవిరితో పాటు ఎగిరిపోతుంది కనుక వాటికి మూత అవసరం. వసనాభి వంటి విషపు దుంపకు మాత్రం వేడే విరుగుడు. చాలాసేపు ఉడికిస్తే అందులోని అకోనిటిన్ విడిపోయి విషం బాగా తగ్గుతుంది. మన వైద్యులు శోధన పేరుతో చేసింది ఇదే. అయినా దాని జోలికి ఇంట్లో ఎవరూ పోకూడదు. శోధన చాలకపోతే ప్రాణం పోతుంది.

మరొక మాట గట్టిగా చెప్పాలి. చింగ్‌హావ్ ఆకు టీ కాచుకుని తాగితే మలేరియా పోతుందని కొన్ని దేశాల్లో ప్రచారం జరిగింది. ఆ టీలో మందు పాలు ఎంతో ఎవరూ చెప్పలేరు. చాలినంత లేకపోతే జ్వరం తాత్కాలికంగా తగ్గి మళ్లీ తిరగబెడుతుంది, క్రిమి మందుకు అలవాటు పడుతుంది. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇలాంటి వాడకాన్ని సమర్థించబోమని స్పష్టంగా చెప్పింది. ఏజెన్సీ ప్రాంతాల్లో పిల్లల దగ్గర ఉంటున్న మన మిత్రులకు, చలితో జ్వరం వస్తే ఆ రోజే రక్తపరీక్ష చేయించుకోమనీ, ఇచ్చిన మాత్రలు జ్వరం దిగాక కూడా చివరిదాకా వేసుకోమనీ నా మనవి.

పాత గ్రంథంలో ఆ యోగం పదహారు వందల ఏళ్లు ఉంది. ఉన్నా లక్షలమంది పోయారు. కొత్త ప్రయోగశాల రెండు లక్షల రసాయనాలు వెతికింది. ఆ ఆకు దానికి కనపడలేదు. పాతదాన్ని గౌరవంగా చదివి, కొత్త పద్ధతిలో కఠినంగా పరీక్షించిన ఒక మనిషి రెండింటినీ కలిపారు. మన మనవలు బామ్మ చెప్పిన మందును నవ్వి కొట్టిపారేసినా, మనం దాన్ని పరీక్షించకుండా నెత్తిన పెట్టుకున్నా నష్టం ఒక్కటే. చదివి, అనుమానించి, పరీక్షించమని పిల్లలకు చెబుదాం.